కుంటాల దశరథం చూడని కుంటాల

దశరథం కాలు ఒక చోట నిలిచేది కాదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే మడమ నేలను తడుతుంది, పడుకుంటే కాలు దుప్పటిని తంతుంది. "నా కొడుక్కు అరికాళ్లల్ల చక్రాలున్నయ్" అని వాళ్లవ్వ శంకరవ్వ నవ్వుతూ చెప్పేది, ఒక్కోసారి ఏడుస్తూ కూడా చెప్పేది.

వాళ్లది సుల్తానాబాద్‌లో సాలెవాడ. తండ్రి పోయాక మగ్గం బూజు పడుతుంటే, శంకరవ్వ కొంగు బిగించి తానే మగ్గం గుంతలోకి దిగింది. ఆడమనిషి గుంతలో కాళ్లు పెట్టి నేయడమేమిటని వాడంతా నోళ్లు నొక్కుకుంది. "మీరు నోళ్లు నొక్కుకుంటే నా కడుపు నిండుతదా?" అని శంకరవ్వ తొక్కుడు చెక్కలు తొక్కుతూనే ఉంది. పోలీసు యాక్షన్ అయిన ఏడు, కొడుక్కు పద్దెనిమిది నిండాయి. ఇక నువ్వు కూర్చోరా అని గుంతలోకి దింపింది. నాలుగు నెలలు కూర్చున్నాడు పాపం. ఐదో నెలలో పత్తి లారీ ఒకటి పెద్దపల్లి వైపు పోతుంటే వెనక ఎక్కి మాయమైపోయాడు.

లారీలు కడిగాడు, లారీలు తోలాడు, గోదావరి దాటాడు, చివరికి నిర్మల్‌లో సీతారాంరావు వ్యాను మీద డ్రైవరుగా కుదిరాడు. ఆ వ్యాను యుద్ధంలో మిలిట్రీ వాళ్లు వాడి వాడి వదిలేసింది. సీతారాంరావు దాన్ని కొని, రంగేసి, బల్లలు వేయించి, కొండలూ జలపాతాలూ చూసే షోకున్న వాళ్లకు కిరాయికిచ్చేవాడు. పొద్దున్నే నిర్మల్‌లో బయలుదేరి ఘాటు మలుపులెక్కి, నేరడిగొండ దాటి అడవి బాట పట్టి కుంటాల జలపాతం చూపించి, దీపాల వేళకు మళ్లీ నిర్మల్‌లో దింపాలి. కరీంనగర్ వకీళ్లు వచ్చేవారు, పెద్దపల్లి రైలు దిగి కొత్త పెండ్లి జంటలు వచ్చేవి, ఆంధ్రప్రదేశ్ అయ్యాక గుంటూరు దిక్కు ఇంజనీర్లూ వచ్చేవారు.

వాళ్లందరికీ దశరథం దారి పొడుగునా జలపాతం చెప్పేవాడు. ఏం చెప్పేవాడనుకున్నారు! "పాలు పొంగి పొర్లినట్టుంటది సారూ! మీదికెళ్లి ఒక్క దుంకుడు దుంకుతది, నడుమ బండ మీద పడి మల్లొక దుంకుడు. మొకం మీద తుంపర పడితే జ్వరమున్నోడికి జ్వరం దిగుతది!" జలపాతం కన్నా దశరథం చెప్పేదే బాగుందని కొందరు మొహం మీదే అనేవారు. పదకొండేళ్లు తిరిగేసరికి పేరే మారిపోయింది. నిర్మల్ బస్సుల అడ్డా దగ్గర దశరథమంటే ఎవరికీ తెలియదు, కుంటాల దశరథమంటే చాయ్ పోసేవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

ఇంతా చేసి, దశరథం ఆ జలపాతాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

నవ్వకండి. అంతా ఆ దిక్కుమాలిన ఇంజను వల్ల. వ్యానుకు సెల్ఫు లేదు. ముందు తిప్పే హ్యాండిలు రంధ్రం ఎప్పుడో మొద్దుకు గుద్దుకుని సొట్టపోయింది. ఒకసారి ఆగిందంటే పదిమంది నెట్టాలి. నిర్మల్‌లో రోజూ రాత్రి ఏటవాలులో నిలిపి, తెల్లారి జార్చి స్టార్టు చేసేవాడు. కుంటాల దగ్గర బండి ఆగే చోటేమో పల్లం, పైగా ఇసుక. మొదటి ఏడాది అక్కడ ఒకసారి ఇంజను ఆపితే, పట్టు ధోవతుల పెద్దమనుషులు నెట్టలేక, అడవిలో చీకటి పడి, ఎలుగు అరుపు విని ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. ఆ మర్నాడు సీతారాంరావు అందరి ముందూ చెప్పాడు: "దశరథం, ఆడ ఇంజన్ బంద్ చేసినవంటే నీ నౌకరీ బంద్. సమజైందా?" సమజు కాకేం.

పోనీ ఇంజను దానంతటది ఆడుతుందా? ఆడదు. పెడలు మీద కాలు తీస్తే నాలుగు దగ్గులు దగ్గి చస్తుంది. పెడలు మీద రాయి పెట్టి చూశాడు, ఇంజను రంకెలు పెట్టి నీళ్లన్నీ మరిగిపోయి పొగలు కక్కింది. దానికి ప్రాణమున్న కాలు కావాలి. గొంతు పెరిగితే కొంచెం లేపాలి, తగ్గితే కొంచెం నొక్కాలి. మరో మనిషిని పెట్టమంటే సీతారాంరావు విననట్టు పాన్ నములుకునేవాడు. అలా, తొక్కుడు చెక్కలు తొక్కలేక ఇల్లు విడిచిన మనిషి పదకొండేళ్లు అడవిలో పెడలు తొక్కుతూ కూర్చున్నాడు. అయిన వాళ్లూ కాని వాళ్లూ తడిసిన బట్టలతో, మెరిసే కళ్లతో తిరిగొచ్చి ఆహా ఓహో అంటుంటే, వాళ్ల నోట జారిన ముక్కలన్నీ ఏరుకుని రేపటి వాళ్లకు చెప్పేవాడు. ఒకాయన రెండు దుంకుళ్లంటే రెండు, ఒకావిడ మూడంటే ఆ వారమంతా మూడు.

సెలవు రోజున పోయి చూడొచ్చు కదా అంటారు. వానలు పడ్డాక నీళ్లున్నన్ని రోజులూ బండి తిరుగుతూనే ఉంటుంది, సెలవెక్కడిది? ఒక్క ఏడు మాత్రం బండి చక్రం విరిగి రెండు రోజులు ఖాళీ దొరికింది. ఆత్రంగా నేరడిగొండ బస్సెక్కాడు. ఎక్కాడో లేదో, "ఏందే కుంటాల దశరథం! రోజూ సూసేదే గదా, ఇయ్యాల బస్సుల గూడ పోవట్టినవ్?" అని ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. ఇప్పుడు దిగి దారి అడిగితే పదేళ్ల పరువు ఏం కావాలి? ఘాటు దగ్గరే దిగి వెనక్కి నడిచాడు. ఆ రాత్రంతా కాలు మంచం పట్టెను తన్నుతూనే ఉంది.

వెళ్లి చూద్దామంటే సిగ్గు, చూడకుండా ఉందామంటే ఉండబట్టలేనితనం. వ్యానులో కూర్చుంటే ఆ నీటి చప్పుడు ఇంజను మోతలోంచి సన్నగా వినబడేది. పిలుస్తున్నట్టే ఉండేది. దిగి పరుగెత్తాలని పిక్కలు లాగేవి. కాలు మాత్రం పెడలు మీదే.

పంతొమ్మిది వందల అరవై ఆరు భాద్రపదంలో శంకరవ్వ చెప్పా పెట్టకుండా నిర్మల్‌లో బస్సు దిగింది. చంకలో మూట, మూటలో సద్ద రొట్టెలు.

"ప్రతి ఉగాదికి ఇంటికొచ్చి చెప్తున్నవ్, ఇని ఇని నా చెవులు నిండినయ్ గని కండ్లు నిండలే. ఈ ఏడు నాకు సూపియ్ కొడుకా. మల్ల మోకాళ్లు ఎక్కనిస్తయో లేదో."

దశరథం మూట అందుకున్నాడు. "బండి నిండిందవ్వా, కరీంనగర్ పంతులమ్మలొస్తున్నరు" అని తప్పించుకోబోయాడు. కాని ఆ పంతులమ్మల పెద్ద, ఇందిరాదేవి, మంచి మనిషి. "మీ అమ్మనా? ముందర నీ పక్క సీట్ల కూసోనీయి దశరథం, మాకేం ఇబ్బంది లేదు" అనేసింది. ఇక నోరెత్తడానికి ఏముంది?

ఘాటెక్కుతుంటే పన్నెండు మంది పంతులమ్మలూ చెప్పమని వెంటబడ్డారు. ఎప్పటిలా పాలు పొంగించాడు, తుంపర చల్లాడు. అవ్వ పక్కనే కూర్చుని ఆ మాటలన్నీ తనకు తెలిసినవే అన్నట్టు తలాడించింది. ఆ తలాడింపు చూడలేక దశరథం మలుపుల మీదే కళ్లు పెట్టుకున్నాడు.

పల్లంలో బండి ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు, దశరథం కాలు పెడలు మీదే ఉంది. పంతులమ్మలు బిలబిలమని దిగారు.

"తోవ ఎటు దశరథం?" అంది ఇందిరాదేవి.

"చప్పుడు దిక్కు పోండ్రి అమ్మా. చప్పుడే తీస్కపోతది." పదకొండేళ్లుగా అందరికీ ఇదే జవాబు.

వాళ్లు వెళ్లిపోయారు. శంకరవ్వ దిగలేదు.

"నువ్వు పోవా అవ్వా? వాళ్లెంబడి పో."

"నువ్వెందుకు దిగుతలేవు?"

"ఇంజన్ ఆపొద్దు. కాలు తీస్తే ఆగుతది. దొర హుకుం."

"ఇయ్యాల్నేనా, ఎప్పటికీ గంతేనా?"

"ఎప్పటికీ గంతే."

శంకరవ్వ అతని కాలి వంక చూసింది. పెడలు మీద కుడి కాలు ఒద్దికగా ఉంది, ఎడమ మోకాలేమో దడదడలాడుతోంది. కన్నతల్లి దగ్గర ఎంతసేపు దాగుతుంది?

"అయితే నువ్వు సూడలే" అంది.

"సూడలే అవ్వా. ఒక్కపారి గూడ సూడలే. లోకమందర్కి చెప్పిన, నేను సూడలే. ఈడ కూసోని ఆ చప్పుడు ఇనుకుంట సస్తున్న" అన్నాడు. ముప్పై ఆరేళ్ల మనిషి స్టీరింగు మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ కూడా కాలు తీయలేదు. అదీ వాడి బతుకు!

శంకరవ్వ కాసేపు ఏడవనిచ్చింది. తరవాత మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "లే. జరుగు."

"ఏందవ్వా?"

"గిది తొక్కుడే గదరా? ఇరవై ఏండ్ల సంది నేను చేస్తున్న పనేంది? జరుగంటే!"

వద్దన్నా వినలేదు. సీటు అంచుకు జరిగి, కొంగు నడుముకు దోపి, పగిలిన పాదాన్ని అతని పాదం పక్కన ఆనించింది. దశరథం భయం భయంగా కాలు తీశాడు. ఇంజను దగ్గింది. శంకరవ్వ నొక్కింది. అది రంకె పెట్టింది. ఆమె కాలు కొంచెం లేపింది. మళ్లీ దగ్గబోతుంటే ముందే పట్టేసుకుంది. నాలుగు నిమిషాల్లో ఇంజను దశరథం చేతిలో ఎన్నడూ ఆడనంత నిమ్మళంగా ఆడసాగింది.

"తెగే పోగును కాళ్లతోనే కనిపెడ్తం మేము. గీ ఇనుపదాని సంగతెంత! పో బిడ్డా, సూసి రా. నువ్వొచ్చినంక నేను పోత."

దశరథం పరుగెత్తాడు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి, ముళ్ల కంప చొక్కా చించింది. దారి తెలియక ఒకసారి వాగు ఒడ్డుకు తప్పిపోయి, మళ్లీ చప్పుడు దిక్కు తిరిగాడు. చెట్లు అయిపోయాయి. ఎదురుగా బండ.

పాలు కాదు. ఏ మూలా పాలు కాదు. పై కొండల్లో రాత్రి పడ్డ వానకు నీళ్లు ఎర్రటి మట్టితో వచ్చి, అంత ఎత్తు నుంచి ఆగకుండా, అడగకుండా పడిపోతున్నాయి. కాళ్ల కింద బండ వణుకుతోంది. రెండు దుంకుళ్లా, మూడా? లెక్క చూడాలని తోచనే లేదు. పక్కన ఇందిరాదేవి, "అరె, దశరథం! బండి కాడ ఎవరున్నరు?" అంటోంది. అతనికి వినబడలేదు.

ఎంతసేపున్నాడో, అవ్వ గుర్తొచ్చి ఒక్క ఉదుటున వెనక్కి ఉరికాడు.

శంకరవ్వ అలాగే ఉంది. మొహమంతా చెమట, మోకాలు నొప్పికి పళ్లు బిగించింది. పొద్దు అప్పటికే చెట్ల మీదికి వాలింది. పంతులమ్మలు వచ్చే వేళయింది.

"ఎట్లున్నదిరా? చెప్పు!" అంది ఆత్రంగా.

దశరథం నోరు తెరిచాడు. పదకొండేళ్లుగా గడగడా వచ్చిన మాట ఒక్కటీ రాలేదు. "నీళ్లు... అవ్వా... గా నీళ్లు..." అని చెయ్యి పైకెత్తి, దించేశాడు.

"ఏందిరా, ఇయ్యాల నోరు పడిపాయెనా? చెప్పు, నాకింక పోయే యాల్ల లేదు. పంతులమ్మలొస్తరు. నువ్వు చెప్తే నేను సూసినట్టే."

సూసినట్టే! ఆ మాట దశరథానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. పదకొండేళ్లు తనూ అలాగే అనుకుని బతికాడు. ఒంగి, అవ్వ చేతుల మీదుగా చెయ్యి చాచి, తాళం తిప్పేశాడు.

ఇంజను ఆగిపోయింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆ పల్లంలో ఆ మోత లేదు. నీటి చప్పుడు ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

"అరేయ్! ఏం జేసినవ్‌రా! నౌకరీ పోతది!"

"పోతే పోనీ అవ్వా. లే."

పోయింది కూడా. ఆ సాయంత్రం పన్నెండు మంది పంతులమ్మలు చీరలు దోపి, నవ్వుకుంటూ తిట్టుకుంటూ ఇసుకలో బండిని నెట్టి నెట్టి స్టార్టు చేయించేసరికి చీకటి పడింది. మర్నాడు సీతారాంరావు అన్నమాట నిలబెట్టుకున్నాడు. దశరథం మళ్లీ లారీ ఎక్కాడు.

కాని అది మర్నాటి మాట. ఆ పొద్దు మాత్రం తల్లిని ఒక చేత్తో పట్టుకుని, ముళ్లు తప్పిస్తూ, తిరిగొస్తున్న పంతులమ్మలకు ఎదురు నడిచి బండ మీద కూర్చోబెట్టాడు. శంకరవ్వ చూసింది. చాలాసేపు చూసింది. పాలేవిరా అని అడగలేదు. తుంపరతో మొహం తడిసింది. దశరథం పక్కన కూర్చుని ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

కాసేపటికి ఆమె తల దించి కొడుకు మోకాలి మీద చెయ్యేసింది.

"నీ కాలు ఆడుతలేదురా" అంది.