పిండిలో అంకె

"గవర్నమెంటే లాటరీ టిక్కెట్లు అమ్ముతాదంటే ఇంక అందులో తప్పేటే అమ్మా? ఆ డబ్బులతో ఆస్పత్రులు కడతారు."

"ముందు రోగం అమ్మి, తరవాత ఆస్పత్రి కడతారేట్రా?"

"నీకేటి తెలుస్తాది. మన సముద్రం ఒడ్డున కేసినో పెడితే ఎంతమందికి పనులొస్తాయో!"

"వస్తాయి, వస్తాయి. తాళిబొట్లు తాకట్టు పట్టుకునేవోళ్లకి మా బాగా పనొస్తాది. ముందు ఆ ఫోను కింద పెట్టు. మీ నాన్న పోయి మూడు రోజులే అయినాది."

"ఫోనెందుకు పెడతాను? తెల్లారితే ఫొటో తియ్యాల. గంప నానే తీస్తాను, సెప్తన్నాను."

ఆ మాట అన్నది నా కొడుకు. ఆ వేళ మా ఆయన చిన్నదినం. మా ఇళ్లలో ఆ సాయంత్రం, ప్రాణం పోయిన చోట బియ్యప్పిండి జల్లించి, పక్కన దీపం పెట్టి, పిండి మీద గంప బోర్లిస్తాం. పోయినవాళ్లు ఏ రూపంలో వచ్చి వెళ్లారో పొద్దున్న పిండిలో ఆనవాలు కనిపిస్తుందంటారు. మా అత్తకి పిట్ట కాలు పడింది. మా మావకి ఏమీ పడలేదు. బతికుండగా మాత్రం ఇంటిపట్టున ఎప్పుడున్నాడు గనక!

మా వాడికి కావలసింది ఆనవాలు కాదు, అంకె. ఫోనులో దొంగచాటుగా ఒంటంకె ఆట నడుస్తోంది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక అంకె ఎంచుకోవాలి, తగిలితే డబ్బు. రాజాంలో ఎవడో పిండి ఫొటో చూసి అంకె చెబుతాడట. అప్పటికి వీడు ఆటలో చీలమండల దాకానే దిగాడు. తండ్రే వచ్చి అంకె చెప్పి వెళ్లాడని నమ్మాడంటే ఇంక ఒడ్డుకి రాడు.

టిక్కెట్లు బాహాటంగా అమ్మిన రోజులు నేను చూశాను. నరసన్నపేటలో బస్సు దిగితే కొట్ల ముందు తోరణాల్లా వేలాడేవి. మా నాన్న పోయినప్పుడు పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ "వయసెంతమ్మా?" అని అడిగారు. అరవై మూడని ఏడుస్తూ చెప్పాను. ఎంత ఆపేక్షో అనుకున్నాను. మర్నాడు కొట్టులో మూడుతో ముగిసే టిక్కెట్లు ఒక్కటీ మిగల్లేదని మా ఆయనే చెప్పాడు. ఆయన జేబులోనూ ఒకటుంది.

ఆ తరవాత ఏ చావింటికి వెళ్లినా గమనించేదాన్ని. జనం ఏడ్చేవాళ్ల కళ్లు చూసేవారు కాదు. పెదాలు చూసేవారు, అంకె ఎప్పుడు బయటపడుతుందా అని. వేటకి వెళ్లి మునిగిపోయిన మనిషి ఒడ్డుకి కొట్టుకొస్తే, మొహం మీద ఇసక తుడవకముందే పడవ నంబరు అడిగినవాళ్లున్నారు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పెద్ద లెక్కలు నాకు తెలియవు. పేకాడేవాడు జీడితోటల్లో నక్కేవాడు. సారా తాగినవాడు దొడ్డిదారిన వచ్చేవాడు. టిక్కెట్టు కొన్నవాడు మాత్రం పైజేబులో పదిమందికీ కనబడేలా పెట్టుకునేవాడు. దానిమీద సర్కారు ముద్ర ఉంది మరి! సర్కారు టిక్కెట్లు ఆపేసి ముద్ర పోయాక ఆట పోలేదు గానీ, సిగ్గు తిరిగొచ్చింది. ఆ సిగ్గు వల్లే కొన్ని ఇళ్లు నిలబడ్డాయి. మళ్లీ ముద్ర వేస్తామంటే ఆ సిగ్గు తుడిచేస్తామనే కదా.

ఆ రాత్రి గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకున్నాను. గంప కింద ఏదో గీకుతున్న చప్పుడు. కాసేపు ఆగి, మళ్లీ. ఎలుకే అయ్యుంటుంది. మా ఇంట గింజ ముట్టిన ఎలుకని నేను వదిలిపెట్టను. ఆ పూట మాత్రం చప్పట్లు కొట్టి అదిలించడానికి చేతులు రాలేదు.

కోడి కూయకముందే లేచాను. దీపంలో నూనె నిండుగానే ఉంది, ఒత్తి ఆరిపోయి ఉంది. ఆయన ఏ రూపంలో వచ్చాడో చూడాలని నాకూ ఉంది. ఉండదా, అన్నేళ్లు కాపరం చేసినదాన్ని! కళ్లు గట్టిగా మూసుకుని గంప ఎత్తాను. చెయ్యి చాపి పిండిని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క తుడుపు తుడిచాను. పిండి మంచులా ఉంది.

మా వాడు వచ్చాడు.

"ఏటి సేసినావే అమ్మా?"

"తుడిసేసినాను."

"ఏటి పడ్డాది?"

"సూడలేదు."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గొంతుక్కూర్చుని నేల వైపే చూశాడు. పిండిలో నా వేళ్ల జాడలు బారుగా ఉన్నాయి.

"నాలుగు," అన్నాడు.

"అవి నా వేళ్లురా!"

"సెయ్యి నీదేనే. తుడిపించిందెవులు?" అన్నాడు మెల్లగా.

ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.