గాలికోట ఖాళీ అయిన రోజు

తుడిస్తే పోయే సిరా కావాలని అడిగినందుకు మా తిరువళ్ళూరు బజారులో అంగడివాళ్ళంతా నన్ను అదోలా చూశారు. వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళందరూ అడిగేది పోని సిరా. వానకు తడిసినా పోకూడదు, ఎండకు ఎండినా పోకూడదు. నేనేమో గీసిన గీత వారాల తరబడి చెక్కుచెదరకుండా ఉండాలి, తడిగుడ్డ పెట్టగానే మాత్రం మారుమాట్లాడకుండా పోవాలి అంటున్నాను. ఒకాయన నా మాట పూర్తిగా వినకుండానే పర్మనెంట్ మార్కర్ ఒకటి నా చేతిలో పెట్టి, జన్మకు పోదు, గ్యారంటీ అన్నాడు. అదేనయ్యా నాకొచ్చిన కష్టం అంటే ఆయనకు అర్థమైతేగా.

ఈ తిరుగుడంతా మా అమ్మాయి ఆట షీటు కోసం. మా తమ్ముడు చెన్నైలో కొని తెచ్చిచ్చాడు. రెక్సిన్ లాంటి మందపాటి షీటు, మీగడ రంగు, దాని నిండా అంగుళానికి అంగుళం చొప్పున సన్నటి గళ్ళు. బల్ల మీద పరిచి, దాని మీద కోటలూ ఏర్లూ అడవులూ గీసుకుని, చిన్న బొమ్మలు నిలబెట్టి, పాచికలు వేస్తూ కథ ఆడతారు. ఒకరు కథ నడపాలి. మిగిలినవాళ్ళు ఆ కథలోకి దూరి, నేను తలుపు తోస్తాను, నేను గోడ దూకుతాను అని తమ వంతుకు ఏదో ఒకటి చెయ్యాలి. ఆ కథ ముగిశాక తుడిచేసి మరో ఊరు గీసుకోవచ్చు.

కథ నడిపేది మా అమ్మాయి. ఆడడానికే మనుషులు లేరు. ఆ ఏడే ప్లస్ వన్‌కు, అంటే పదకొండో తరగతికి, కొత్త స్కూల్లో వేశాం. పాత స్నేహితురాళ్ళు తలా ఒక స్కూలుకు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు ఇంకా కలవలేదు. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తింటోందని తను చెప్పలేదు. సగం ఇడ్లీలతో తిరిగొచ్చే డబ్బా చెప్పేది. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు నేనే బల్ల ముందు కూర్చుని ఆడేదాన్ని. కత్తి పట్టుకున్న వీరురాలినట. నాకు కత్తెరే చాలమ్మా అంటే, సరే కత్తెరే పట్టుకో అని ఒప్పుకుంది.

కత్తెర ఎందుకంటే నేను టైలర్ని. ముందుగదిలోనే నా మిషను, పక్కన కట్టింగు బల్ల. ఆ బల్ల మీద పరిస్తేనే షీటు ముడత లేకుండా కూర్చుంటుంది. కొత్త గుడ్డ మీద సుద్ద పెట్టే ముందు ఒక ముక్క మీద గీసి, దులిపి, పోతుందో లేదో చూసుకోవడం నాకు అలవాటు. కాబట్టి మార్కర్ల విషయంలోనూ తొందరపడలేదు. బోర్డు మీద రాసే మార్కర్ తెచ్చి షీటు వెనకవైపు మూలన గీసి చూస్తే, మర్నాటికి నీడలా నిలిచిపోయింది. ఛీ పొమ్మని దాన్ని పాలవాడి లెక్క రాసుకోవడానికి పడేశాను.

సరైనది చివరికి తిరుత్తణిలో దొరికింది. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. ఆమెను చూసి తిరిగి వస్తూ, స్టేషను దగ్గరున్న పాత పుస్తకాల అంగట్లో అడిగాం. పెద్దాయన అటక మీదనుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దింపాడు. ఒకప్పుడు కాలేజీ మేష్టర్లు గాజులాంటి షీట్ల మీద రాసి, లైటు పెట్టి గోడ మీద చూపించేవాళ్ళే, ఆ పెన్నులు. ఆరిపోతే గట్టిగా నిలబడతాయి, తడి తగిలితే పోతాయి. సగం ఎండిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ గీసి చూసి, బతికున్న నాలుగు రంగులు ఏరుకున్నాం. మా ఊరు దగ్గరపడి రైలు కడంబత్తూరు దాటేదాకా మా అమ్మాయి వాటిని ఒళ్ళోంచి దించలేదు.

ఇంట్లో మళ్ళీ పరీక్ష పెట్టాను. నలుపు, నీలం, పచ్చ తడిగుడ్డకు మర్యాదగా దిగిపోయాయి. ఎరుపు మాత్రం మొండికేసింది. వెంటనే తుడిస్తే పోతోంది, నాలుగు రోజులు ఆగితే గులాబీ రంగు నీడ మిగులుతోంది. ఎర్రపెన్ను ముట్టుకుంటే చూడు అని చెప్పేశాను. ఇంకా చాలా చెప్పాను. షీటు మడవకూడదు, గుడ్డ తానులో వచ్చే అట్టగొట్టానికి చుట్టాలి. శానిటైజర్ పెట్టి తుడిస్తే గళ్ళే లేచిపోతాయి. ఇస్త్రీపెట్టె ఆ చుట్టుపక్కలకు రాకూడదు. నూనె చేతులతో వచ్చావంటే నీ సంగతి చెప్తా. పట్టుచీర మీద కూడా నేనింత రాద్ధాంతం చెయ్యనని మా ఆయన నవ్వాడు.

పెన్నులు వచ్చాక మా అమ్మాయి గాలికోట గీయడం మొదలుపెట్టింది. కొండ మీద కోట, చుట్టూ ఏరు, సంత, సొరంగం, గుర్రాల కొట్టం. బడి నుంచి రాగానే రోజూ కొంచెం గీసేది. ఒక రోజు చూస్తే కోటగోడలూ, కోట పేరూ ఎర్రగా ఉన్నాయి. నేను కేకలేస్తే, ఎర్రరాతి గోడ నీలంగా ఎట్లుంటుందమ్మా అని నన్నే అడిగింది. ఇంక వదిలేశాను. పేరు తెలుగే గానీ రాసింది తమిళ అక్షరాల్లో. తమిళనాట మా తెలుగువాళ్ళ పిల్లలందరూ అంతే, ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువూ రాతా తమిళం. తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. గాలి అని రాసినా, తెలియనివాళ్ళు కాలి అనే చదువుతారు. అది ఆ రోజు నాకు తట్టలేదు.

ఆయుధపూజ సెలవుకు ముందురోజు మా అమ్మాయి ఇంట్లోకి వస్తూనే, రేపు సాయంత్రం క్లాసులో ముగ్గురు ఆడపిల్లలు ఆటకు వస్తామన్నారని చెప్పింది. ఏదో మామూలు విషయంలా చెప్పాలని చూసింది గానీ, భుజం మీది బ్యాగు దించడం మర్చిపోయింది. ఆ స్కూల్లో చేరాక మా గడప తొక్కబోతున్న మొదటి స్నేహితులు వాళ్ళు. రాత్రికే సుండల్‌కు, అదే గుగ్గిళ్ళకు, శనగలు నానబోశాను.

పండగనాడు పొద్దున్నే మా అత్త తిరుత్తణి బండి దిగి, తన తోట మల్లెలు మూటగట్టుకుని వచ్చింది. రావడం రావడం కొంగు దోపింది. ఆయుధపూజ అంటే మా అత్తకు మాటలు కాదు. ఇంట్లో పనికొచ్చే ప్రతి వస్తువూ కడగాలి, తుడవాలి, పసుపు కుంకుమ పెట్టాలి. మధ్యాహ్నానికి వంటిల్లు ముగించింది. ముందుగది ఆమెకు వదిలేసి, నేనూ అమ్మాయీ బొరుగులకూ పుట్నాలకూ బజారుకు వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి గది తళతళలాడుతోంది. మిషనుకు బొట్లు, కత్తెరకు బొట్లు, ఇస్త్రీపెట్టెకు బొట్లు. బల్ల మీద షీటు కూడా తళతళలాడుతోంది. ఏరు లేదు, సంత లేదు, గుర్రాల కొట్టం లేదు. నాలుగు మూలలా అరచేతి వెడల్పున పసుపు, నడుమ కుంకుమ.

మా అమ్మాయి బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఒక మాట అడిగి చేయకూడదా అత్తా అని గట్టిగానే అన్నాను.

ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అంగుళం అంగుళం గళ్ళుంటే నీ కట్టింగు షీటనుకుంటిని. ఎవురో పిచ్చిగీతలు గీసిపెట్టినారు, పూజనాడు పనిముట్టు అట్ల ఉండకూడదని శుభ్రంగా కడిగితిని. అంత బాగా పోయింది గూడా."

బాగానే పోయింది. ఎందుకు పోదు? పోయే సిరా కోసం రెండు ఊళ్ళు గాలించి తెచ్చింది నేనే కదా. గొడవంతా పసుపుతోనే. సబ్బు నీళ్ళు పెట్టి రుద్దాను. కుంకుమ వచ్చింది గానీ పసుపు కదల్లేదు. సాయంత్రం కావస్తోంది, మళ్ళీ గీయడానికి వేళ లేదు. సంగతి తెలిసి మా అత్త మూలన కూర్చుని మల్లెలు కట్టడం మొదలుపెట్టింది, తల ఎత్తలేదు. పిల్లలు వస్తే ఏదో ఒకటి చెప్పి పంపించేయమని మా అమ్మాయి నెమ్మదిగా అంది. అంతలో వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు వినబడింది.

ముగ్గురూ లోపలికి వచ్చి బల్ల చుట్టూ మూగారు. కళ్ళజోడు పిల్ల వంగి చూసింది. అప్పుడు నేనూ చూశాను. ఎరుపు పూర్తిగా పోలేదు. కోటగోడలూ, నడుమ పేరూ లేత గులాబీ రంగులో నీడలా మిగిలి ఉన్నాయి. ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని, కాలి కోట అని చదివింది. తమిళంలోనూ ఖాళీని కాలి అనే అంటారు.

"ఖాళీ కోటా? ఎందుకు ఖాళీ అయింది?" అని తమిళంలో అడిగింది.

నేను సర్దిచెప్పబోయాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. తనూ తమిళంలోనే, ముందు మెల్లగా, తర్వాత నేనెప్పుడూ విననంత ధైర్యంగా చెప్పింది.

"నిన్నటిదాకా నిండుగా ఉండేది. పొద్దున చూస్తే మనుషులు లేరు, సంత లేదు, ఏరు కూడా లేదు. గోడలు మాత్రం మిగిలాయి. నాలుగు మూలలా ఎవరో పసుపు గుర్తులు పెట్టి వెళ్ళారు. ఎవరు పెట్టారో మీరు కనుక్కోవాలి."

ముగ్గురూ టక్కున కుర్చీలు లాక్కున్నారు. నేను సుండల్ గిన్నె ఎక్కడ పెట్టానో మర్చిపోయి వంటింట్లో ఊరికే అటూ ఇటూ తిరిగాను. సంతోషం పట్టలేకపోతే నాకు అంతే. పాచికలు దొర్లుతున్నాయి, ఒకరు పసుపు గుర్తును మంత్రం అంటున్నారు, ఇంకొకరు ఏటిని దొంగిలించినవాణ్ణి పట్టుకుంటామంటున్నారు. నల్లపెన్నుతో కొత్త దారులు గీస్తున్నారు. గుర్తు పెట్టింది ఎవరో మాత్రం తేలడం లేదు.

కళ్ళజోడు పిల్ల మూలనున్న మా అత్తవైపు తిరిగింది. వాళ్ళింట్లోనూ తెలుగేనని మాకు అప్పుడే తెలిసింది. "ఏం అవ్వా, ఎవురు చేసినారో నీకేమన్నా తెలుసునా?" అంది వేళాకోళంగా.

మా అత్తకు అది వేళాకోళమని తెలియదు. దారం పక్కన పెట్టి, నేరం ఒప్పుకుంటున్నంత గంభీరంగా తలెత్తింది.

"నేనేమ్మా తుడిచింది. మురిగ్గా ఉండె."

మా అమ్మాయి పొట్ట పట్టుకుని కింద కూర్చుంది. అది అంతగా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. ఆ పిల్లలు మా అత్తను లేపి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి గాలికోట కథలో ఆమె పెద్ద మంత్రగత్తె, కొంగుతో ఊళ్ళకు ఊళ్ళు తుడిచేస్తుంది. పాచిక వేసే ముందు దాన్ని కళ్ళకద్దుకుంటుంది. వెళ్ళేటప్పుడు ముగ్గురి జడల్లోనూ మల్లెలు పెట్టి పంపింది.

పసుపు మరక పోవాలంటే ఎండ చాలు. రవికెల మీద పడితే మిద్దె మీద ఆరేసి పోగొట్టేది నేనే. మామూలుగా అయితే ఈ షీటును ఎండకు చూపించను. సెలవులయ్యాక స్కూలు తెరిచిన రోజు మాత్రం లేత ఎండ బాగుంది, కాసేపు పెడితే ఏమవుతుందిలే అని షీటు చుట్టను చంకన పెట్టుకుని మెట్లెక్కబోయాను. మా అమ్మాయి జడ వేసుకుంటూ చూసింది.

"వద్దమ్మా, ఆ పసుపు ఉండనీ." తర్వాత డబ్బా మూత తీసి నా ముందుకు చాపింది. "ఇంకొన్ని ఇడ్లీలు పెట్టు. నలుగురం తినాల."

షీటు బల్ల మీద పెట్టి, పొయ్యి మళ్ళీ వెలిగించాను.