నర్సు ఆంటీ ఎంచిన పాత మోవర్

నా చిన్నప్పుడు శనివారమంటే కోసిన పచ్చిగడ్డి వాసన. మేము నార్త్ కరోలినాలో, క్యారీలో ఉండేవాళ్ళం. అమ్మకి మందుల కంపెనీ ల్యాబ్‌లో శనివారాలు కూడా డ్యూటీ ఉండేది. నాన్న ప్రాజెక్టు పని మీద వేరే రాష్ట్రంలో ఉండి నెలకోసారి వచ్చేవారు. అందుకని శనివారం పొద్దున్నే మా చర్చి ఆంటీ ఒకావిడ వచ్చి నన్ను తన కార్లో తీసుకెళ్ళేవారు. ఆవిడ హాస్పిటల్లో నర్సు. పిల్లలందరం నర్సు ఆంటీ అనే పిలిచేవాళ్ళం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

దారిలో మరో ఇంటి ముందు కారు ఆగేది. అక్కడ మేం పెద్ద అంకుల్ అని పిలిచే ఒకాయన తలుపు తాళం వేసుకుని, టోపీ పెట్టుకుని నిలబడి ఉండేవారు. ఆయనది బాపట్ల వైపు. ఆయన భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. కారు నడపడం మానేశారు. ఎందుకని ఎవరైనా అడిగితే కళ్ళు సరిగా ఆనడం లేదనేవారు. ముగ్గురం కలిసి చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆంటీ, నేను వంటగది, హాలు శుభ్రం చేసేవాళ్ళం. అంకుల్ బయట గడ్డి కోసేవారు.

అన్నేళ్ళూ అద్దె హాళ్ళలో కూడుకున్న మా తెలుగు చర్చి అంతకుముందు ఏడాదే ఊరి చివర ఒక పాత భవనం కొనుక్కుంది. దాని వెంట రెండెకరాల నేల వచ్చింది. ముందు భాగం చదునుగా ఉంటుంది, వెనక భాగం వాగు వైపు బాగా దిగిపోతుంది. భవనం చూసి సంతోషపడ్డవాళ్ళెవరూ గడ్డి గురించి ఆలోచించలేదు. అంకుల్ ఒక్కరే చెయ్యెత్తి, గడ్డి సంగతి నాకు వదిలేయండి అన్నారట. తోసుకుంటూ నడిపే చిన్న మోవర్, గడ్డి కోసే మిషను, ఒకటి ఉండేది. దానితో ముందు భాగం అయ్యేసరికి వెనక మోకాలెత్తు పెరిగేది. వెనక్కి వెళ్తే ముందు పెరిగేది. అయినా ఆయన ఒక్క శనివారం మానలేదు. గడ్డి కోసినంతసేపూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తూనే ఉండేవారు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేని మనిషికి ఆ పని ఎంత అవసరమో ఆ వయసులో నాకు తెలియదు.

ఆ మే నెలలో ఒక శనివారం ఆయన మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వచ్చారు. నేనప్పుడే తుడిచిన నేల మీద ఎర్రటి మరకలు పడ్డాయి, అడుగుకొకటి చొప్పున. ఆయనకి తెలియదు. గ్లాసు పట్టుకుని నాతో ఏదో కబురు చెబుతున్నారు. ఆంటీ చూశారు. కంగారు పడలేదు, గొంతు కూడా పెంచలేదు.

"బ్రదర్, కాసేపిలా కూర్చోండి. కుడికాలు బూటు ఒకసారి తీస్తారా?" అన్నారు.

బూటు తీస్తే మేజోడంతా తడిసి ఉంది. బూటు అడుగులోంచి ఒక మేకు లోపలికి దిగింది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకి తెలియలేదు. ఆంటీ టబ్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి ఆ పాదం కడిగి, కట్టు కట్టారు. నన్ను బయటికి పంపేశారు. తలుపు వేసేముందు అంకుల్ మొహం చూశాను. దెబ్బ తగిలిన మనిషి మొహంలా లేదు. దొంగతనం బయటపడ్డ పిల్లవాడి మొహంలా ఉంది.

ఆ తర్వాత రెండు వారాలు గడ్డి కోయడం కుదరలేదు. గడ్డి ఉండాల్సిన ఎత్తు దాటి పెరిగిందని టౌన్ ఆఫీసు వాళ్ళ దగ్గర్నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీవాళ్ళు హాల్లోనే కూర్చున్నారు. చర్చి లెక్కలు చూసే అంకుల్ చాలా పద్ధతైన మనిషి. అప్పటికే కాగితాలు ప్రింట్ చేసుకుని వచ్చారు.

"ఎక్కి నడిపే రైడింగ్ మోవర్ కొనాలి బ్రదర్స్. మన బడ్జెట్ ట్వెల్వ్ హండ్రెడ్ డాలర్లు. అంతకు మించితే కష్టం. లేదంటే కాంట్రాక్ట్‌కి ఇచ్చేద్దాం. వాళ్ళే వచ్చి కోసి వెళ్తారు, మనకి హెడేక్ ఉండదు."

కాంట్రాక్టు అనగానే చాలామంది తలలూపారు. చివరి వరుసలో కూర్చున్న పెద్ద అంకుల్ ఒళ్ళో టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయారు. నర్సు ఆంటీ లేచి నిలబడ్డారు. కమిటీలో అందరూ మగవాళ్ళే. ఇంజినీర్లే ఎక్కువ.

"నాకొక్క వారం టైమివ్వండి. ఆ డబ్బులో పనికొచ్చేది దొరుకుతుందేమో నేను చూసొస్తాను," అన్నారు.

"మీకు మోవర్ల గురించి తెలుసా సిస్టర్?" అని ఎవరో అడిగారు.

"తెలీదండీ. అడిగితే చెప్తారు కదా," అన్నారు ఆవిడ.

ఆ శనివారం అంకుల్‌ని తీసుకెళ్ళలేదు. ఆంటీ, నేను మాత్రమే వెళ్ళాం. మొదట పెద్ద షాపుకి. బయట వరసగా మెరిసిపోతున్న కొత్త మోవర్లు, ట్రాక్టరు పిల్లల్లా ఉన్నాయి. బడ్జెట్‌లో వచ్చేది ఒకటుంది. ఆంటీ చీరకుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని దానిమీద ఎక్కి కూర్చున్నారు. ముందుకి వెళ్ళడానికి కుడికాలితో తొక్కే పెడల్ ఉందని అమ్మే ఆయన చూపించాడు. ఎంత నొక్కితే అంత వేగం, చాలా సులువు అన్నాడు. ఆంటీ కుడికాలు పక్కకి పెట్టుకుని, కాలు వాడకుండా నడపడానికి వీలుందా అని అడిగారు. అతను నవ్వి, కాలు వాడకుండా ఎందుకు నడపాలి అన్నాడు. ఆవిడ కూడా నవ్వి, థాంక్స్ చెప్పి దిగిపోయారు.

రెండోచోట రెండు పొడుగాటి కడ్డీలని చేతులతో తోస్తూ నడిపే రకం ఉంది. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. నాకు అదే నచ్చింది. ఆంటీకి కూడా నచ్చినట్టే ఉంది, రెండుసార్లు ఎక్కి దిగారు. తర్వాత బ్యాగులోంచి చర్చి వెనక వాలు ఫోటో తీసి చూపించారు. అక్కడి ఆయన నిజాయితీపరుడు. ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు. అంత వాలులో, తడిగడ్డి మీద ఇది జారుతుంది, కింద వాగుంది కదా, మీకిది నేను అమ్మను అన్నాడు. ధర కూడా మాకు అందనంత పైన ఉంది.

మధ్యాహ్నం ఊరు దాటి చాలా దూరం వెళ్ళాం. హాస్పిటల్లో ఎవరో చెప్పారట. రేకుల షెడ్డు కింద మోవర్లు బాగుచేసే ఒక ముసలాయన. చుట్టూ విప్పిపెట్టిన ఇంజన్లు, తుప్పు పట్టిన చక్రాలు. ఆంటీ ఆయనతో ధర మాట ఎత్తలేదు. ముందు పెడల్ సంగతే అడిగారు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, షెడ్డు మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ ఎర్రరంగు వెలిసిపోయి గులాబీరంగుకి వచ్చిన ఒక పాత మోవర్ ఉంది. దానికి కుడికాలి పెడల్ లేదు. కుడి చక్రం పైన, చెయ్యి వాలేచోట ఒక చిన్న లివర్ ఉంది. ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. బ్రేకు ఎడమకాలికి.

ఆంటీ దానిమీద కూర్చుని ఆ ముసలాయన పెరట్లో ఉన్న మిట్ట మీదికి, కిందికి నాలుగుసార్లు నడిపారు. పైట కొంగు నడుముకి చుట్టుకుని, కుడికాలు మొద్దులా ఒకచోట పెట్టి ఉంచారు. దాన్ని అస్సలు కదపలేదు. దిగేటప్పుడు కూడా ఆ కాలిమీద బరువు వేయకుండా చేతులతో పట్టుకుని దిగారు. మళ్ళీ ఎక్కారు. ఇంజన్ నడుస్తుండగా సీట్లోంచి లేచి చూశారు. టక్కున ఆగిపోయింది. నమ్మకం కుదరలేదేమో, మూడుసార్లు లేచి చూశారు. మనిషి పడిపోతే బ్లేడు తిరగకూడదు కదా అన్నారు నాతో. నేను కూడా ఎక్కుతానంటే కూర్చోబెట్టారు. నా కాళ్ళు గాల్లోనే ఉండిపోయాయి, బ్రేకు అందలేదు.

అప్పుడు ఆవిడ ముసలాయన్ని ఇంకోటి అడిగారు. మీ అన్నయ్యకే ఇస్తున్నారనుకోండి, దీంట్లో ఏం బాగాలేదని చెప్తారు? ఆయన ఆంటీ వైపు కాసేపు చూసి, ఒక్కొక్కటే చెప్పాడు. బెల్టు అరిగింది. స్టీరింగ్ కొంచెం వదులు. ఒక టైరులో నెలకోసారి గాలి దిగిపోతుంది. ధర వెయ్యి. ఆంటీ బేరమాడలేదు. బెల్టు కొత్తది వేసి, బ్లేడ్లు నూరి, చర్చి దాకా తెచ్చి దింపి, అది నడిపే మనిషి పక్కన ఒక గంట ఉండి నేర్పాలన్నారు. ఆయన సరేనన్నాడు.

తిరిగొస్తూ, "ఆంటీ, మీరు ఒక్క కాలితోనే ఎందుకు నడిపారు?" అని అడిగాను.

"కాళ్ళు లాగుతున్నాయిలే బంగారం," అన్నారు. హాస్పిటల్లో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. నిజమేననుకున్నాను.

మరుసటి ఆదివారం కమిటీ మళ్ళీ కూర్చుంది. లెక్కల అంకుల్ ఫోటో చూసి మొహం చిట్లించారు.

"సిస్టర్, డోన్ట్ మైండ్. దీనికన్నా కొత్తది బెటర్ కదా? రెండేళ్ళు వారంటీ ఉంది. ఇది మనకంటే పాతదిలా ఉంది."

అందరూ నవ్వారు. ఆంటీ కూడా నవ్వి, తను చూసినవి ఒక్కొక్కటే చెప్పారు. వెనక వాలు, వాగు. అమ్మే మనిషే బాగుచేసేవాడు కూడా కావడం. సీట్లోంచి లేస్తే ఇంజన్ ఆగడం. మిగిలే రెండొందలు రిపేర్లకి దాచుకునే వీలుండడం. అన్నీ నిజాలే. కానీ ఆవిడ చెప్పని నిజం ఒకటుంది. అది చెప్తే వెంటనే ఒప్పుకుంటారనిపించి నేను లేచి నిలబడ్డాను.

"అంకుల్, ఆంటీ దాన్ని ఒక్క కాలితోనే డ్రైవ్ చేశారు..."

ఆంటీ చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా ఏమీ నొక్కలేదు.

"అవునండీ, ఈ పిల్ల కూడా డ్రైవ్ చేస్తానని ఎక్కి కూర్చుంది. కాళ్ళే అందలేదు పాపం," అన్నారు.

మళ్ళీ నవ్వులు. నాకు రోషం వచ్చి తల తిప్పుకున్నాను. అలా తిప్పినప్పుడే చివరి వరుసలో పెద్ద అంకుల్ కనిపించారు. ఆయన నవ్వడం లేదు. టోపీ తిప్పడం ఆపేసి, ఆంటీనే చూస్తున్నారు.

కాసేపటికి పాస్టరుగారు, "సిస్టర్ ఇంత తిరిగి చూసొచ్చారు. అదే తీసుకుందాం," అన్నారు. లెక్కల అంకుల్ చెక్కు రాసిచ్చారు. కాంట్రాక్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ శనివారం ముసలాయన ట్రైలర్ మీద మోవర్ తెచ్చాడు. అన్న మాట ప్రకారం గంటసేపు పక్కనే ఉండి నేర్పాడు. అంకుల్ ఎక్కి కూర్చున్నారు. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి సరిగ్గా పెట్టుకున్నారు, ఏదో వస్తువుని సర్దినట్టు. లివర్ ముందుకి తోశారు. మోవర్ కదిలింది. ఆయన చర్చి చుట్టూ తిరిగి, వెనక వాలు దిగి, మళ్ళీ పైకి వచ్చేదాకా నేను ఆ కాలినే చూస్తూ నిలబడ్డాను. అది కదలలేదు. మిట్ట మీద ఆంటీ పెట్టుకున్నట్టే ఉంది, అచ్చం అలాగే. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు మూడుచోట్లా ఆ సీట్లలో కూర్చున్నది ఆంటీ కాదు, పెద్ద అంకుల్.

షుగరు వల్ల ఆయన కుడిపాదానికి స్పర్శ పోయిందని, పెడల్ మీద ఎంత నొక్కుతున్నారో ఆయనకే తెలియదని, కారు మానేసింది కూడా అందుకేనని పెద్దయ్యాక అర్థం చేసుకున్నాను. నలుగురికీ తెలిస్తే ఆ పని కూడా చేయనివ్వరని ఆయన భయం.

దిగాక ఆయన ఆంటీ దగ్గరికి వచ్చారు. ఒళ్ళంతా గడ్డి పరకలు.

"మంచి బండి చూశావమ్మా," అన్నారు.

"ఇక నుంచి బూట్లు వేసుకునేముందు లోపల చేత్తో తడిమి చూసుకోండి బ్రదర్. సాయంత్రం అద్దం పెట్టి పాదం చూసుకోండి. నెలకోసారి నేనూ చూస్తాను," అన్నారు ఆవిడ, మామూలుగా. అంకుల్ తలూపి, మొహం తుడుచుకోవడానికి అటు తిరిగారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఆంటీ ఎంత గొప్ప పని చేశారో చర్చిలో అందరికీ చెప్పేయాలని నా నోరు దురద పెట్టింది. ఇంటికి దింపేటప్పుడు అదే అన్నాను. "నాకు తెలిసిపోయింది ఆంటీ. అందరికీ చెప్తాను."

ఆవిడ కారు ఆపి నా వైపు తిరిగారు.

"చెప్తే నన్ను మెచ్చుకుంటారమ్మా. ఆయన్ని చూసి జాలిపడతారు. నాకు మెప్పు రావడానికి ఆయన తల వంచుకోవాలా?"

నేను చెప్పలేదు. అంకుల్ ఆ మోవర్‌ని ఏడేళ్ళు నడిపారు. వెనక వాలు మీద ఆయన గీసిన పచ్చటి చారలు చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరు చేస్తారిది అని అడిగేవారు. ఆయన చివరిదాకా రెండు కాళ్ళ మీదే ఉన్నారు. అది చిన్న విషయం కాదని, షుగరుతో కాలు తీసేయించుకున్నవాళ్ళని చూసే నర్సులకి బాగా తెలుసు.

ఇప్పుడు నన్నే పిల్లలు ఆంటీ అంటున్నారు. ఇది రాసేముందు నర్సు ఆంటీకి ఫోన్ చేసి, అంకుల్ వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది కదా, ఇప్పుడు చెప్పొచ్చా అని అడిగాను. రిటైరయినా ఆవిడ గొంతు అలాగే ఉంది. "రాసుకో. ఆయన పేరు మాత్రం వద్దు," అన్నారు. తన పేరు గురించి ఆవిడ ఏమీ అనలేదు. అది కూడా వద్దని నేనే అనుకున్నాను.

పోయిన నెల నడుం నొప్పితో లేవడానికి ఇబ్బంది పడుతున్న మా మామగారికి కుర్చీ కొనడానికి వెళ్ళి, షాపులో ఆయనలా నడుం పట్టుకుని ఒక్కో కుర్చీలోంచి లేచి చూస్తూ చాలాసేపు గడిపాను. చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూశారు. అది నాకు బాగానే అలవాటయింది. కష్టమంతా తర్వాతే. ఇంటికి తెచ్చాక, "ఇదే ఎందుకు కొన్నావమ్మా?" అని ఆయన అడిగారు. నా తెలివంతా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "రంగు బాగుందని మావయ్యా," అన్నాను. ఆయన కుర్చీ చేతుల మీద ఆనుకుని సులువుగా లేచి, ఆ రంగేమంత బాగోలేదని సణుక్కుంటూ టీ తాగడానికి వెళ్ళారు.