ఒక్క గుక్కలో పాఠం

గుక్క బిగబట్టి అరిస్తే తప్ప దొరైసామికి చదువు తలకెక్కదు. పుస్తకం ముందు కూర్చోబెడితే రెండో పంక్తికే కునుకు తీస్తాడు. అదే పాఠాన్ని చెడుగుడు ఆటలో, అవతలి గడిలోకి దూకి, "చెడుగుడు చెడుగుడు" అనాల్సిన చోట ఊపిరి విడవకుండా అరిచాడంటే ఇక చచ్చినా మరచిపోడు. అతని మేనత్త కొడుకు సంజీవి ఆ జట్టుకు నాయకుడు. అలాంటి ఆటగాణ్ణి పెట్టుకుని గెలవడం ఎలాగో ఆ పదహారేళ్ల వాడికి అంతుపట్టేది కాదు.

ఇద్దరూ పొల్లాచ్చి దగ్గర పల్లెలో, అవ్వ నాచ్చియారమ్మ ఇంట్లో ఉండేవారు. పొద్దున నడిచి పొల్లాచ్చిలోని ఇంగ్లీషు బడికి వెళ్లడం, సాయంత్రం ఆళియారు ఏటి ఇసుకలో ఆడడం. ఆ ఏడు మెట్రిక్యులేషన్ పరీక్ష కోయంబత్తూరులో రాయాలి. అయ్యవారు సుందరరాజన్ ఆట మానేస్తేనే పరీక్షకు పంపుతానని వారానికొకసారి బెదిరించేవారు.

ఒకనాడు ఆయన ఇంగ్లండు నదుల పేర్లు చెప్పమన్నారు. దొరైసామి లేచి, తొడ చరిచి, నడుము వంచి, చేతులు చాచి, నదుల పేర్లు అరుస్తూ అయ్యవారి బల్ల దాకా ఉరికాడు. బల్ల తాకి, వెనక్కి పరుగెత్తి తన చోట పడ్డాకగాని నోరు మూయలేదు.

"ఊపిరి పీల్చుకో నాయనా" అన్నారు అయ్యవారు. "నదులు ఎక్కడికీ పోవు."

ఇంగ్లండు నదులు పోలేదు గాని, ఆళియారు పోయింది. అది ధాతు నామ సంవత్సరపు కరువు కాలం. వానలు వరసగా ఎగ్గొట్టాయి. బడికి వెళ్లే దారి పక్కన పడిపోయినవాళ్లు కనిపించేవారు. కొందరు లేచేవారు, కొందరు లేచేవారు కాదు. వాళ్లను చూడలేక సంజీవి నడుస్తూనే పుస్తకం చదవడం అలవాటు చేసుకున్నాడు. ఆ దారిలో అతనికి క్షేత్రగణితం అంతా వచ్చేసింది.

అవతలి జట్టు ఊరి బయట చేరి అనే కూలీల వాడ కుర్రాళ్లది. వీళ్లలాగే వాళ్ల ఇంటి భాషా తెలుగే. వాళ్లను బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆటలో ముట్టుకున్నారని తెలిస్తే ఊళ్లో పెద్దలు ఊరుకునేవారూ కాదు. అవ్వకు మాత్రం తెలుసు. మనవళ్లు తిరిగొచ్చినప్పుడు వాకిట్లో నిలబెట్టి చెంబుడు పసుపునీళ్లు చల్లేది. కరువు ముదిరేకొద్దీ చెంబు దోసిలయింది, దోసిలి నాలుగు చుక్కలయింది. చివరికి ఒట్టి చేయి విదిలించి, "చల్లినాననుకోండి, పోండి లోపలికి" అనేది.

అందరూ అవతలి గడిలోకి వెళ్లి, ఒకణ్ణి తాకి, గీత దాటి వచ్చేస్తారు. దొరైసామి అలా కాదు. అక్కడే నిలబడి పాఠం ముగిసేదాకా కదలడు. నలుగురు మీద పడి పట్టేస్తారు. వాళ్ల కింద నుంచి కూడా త్రిభుజం, దాని కోణాల సంగతి వినిపిస్తూనే ఉంటుంది. కష్టమైన ఇంగ్లీషు మాట వస్తే ఆగి, తెలుగు అర్థంతో కలిపి రెండుసార్లు చెబుతాడు. చేరి కుర్రాళ్లు వాడి నోరు నొక్కకుండా, వీపుమీద కూర్చుని తీరిగ్గా వింటారు. వెక్కిరిస్తున్నారని సంజీవికి ఒళ్లు మండేది.

"ఒక్కనాడైనా గీత దాటి రా బావా. మిగిలింది ఇంటికొచ్చి అరుచుకో."

"నడమ విడిస్తే అర్థము చెడుతుందిరా" అనేవాడు దొరైసామి.

నెలలు గడిచేకొద్దీ అవతలి జట్టు పలచబడింది. ఒకడు తల్లిదండ్రులతో సింహళం కాఫీతోటలకు వెళ్లిపోయాడు. ఇద్దర్ని వాంతిభేది తీసుకుపోయింది. చివరికి ముని అనే కుర్రాడు, వాడితో మరో ఇద్దరూ మిగిలారు. ఎగిరి పట్టే సత్తువ వాళ్లకు లేదు. అయినా దొరైసామి తనే వెళ్లి వాళ్ల మధ్య చతికిలబడి, దొరికిపోయాననేవాడు. బావకూ నీరసం వచ్చిందనుకున్నాడు సంజీవి. అవ్వ పోసే రాగి జావ ఎవరికీ చాలే కాలం కాదు.

కోయంబత్తూరుకు ఎవర్ని పంపాలో తేల్చడానికి బడిలో ముందుగా ఒక పరీక్ష పెట్టారు. అందులో దొరైసామి జవాబులు గొణుగుతూ రాశాడు. గొణుగుడు పెరిగి కేక అయింది. అయ్యవారు బయటికి పంపేశారు. కోయంబత్తూరుకు సంజీవి పేరు వెళ్లింది, బావ పేరు వెళ్లలేదు.

ఆ వారమే పొల్లాచ్చి దారిలోని సర్కారు గంజికొట్టం దగ్గర కొత్త కట్టడి వచ్చింది. నడవగలిగినవాళ్లు రోడ్డుపనికి పోవాలి. నడవలేనివాళ్లను కొట్టం తనిఖీకి వచ్చే తెల్లదొర కళ్లారా చూస్తేనే గంజి. నడవలేనివాళ్లు దొర ముందుకు ఎలా వస్తారో ఎవరూ ఆలోచించలేదు. ముని తల్లి తంగమ్మాళ్ కాళ్లు వాచి, ఏటి అవతల గుడిసెలో పడి ఉంది. ముని రెండు రోజులు కొట్టం దగ్గర మొరపెట్టుకున్నాడు. చేరివాడి మాట దొరకు చెప్పడానికి దుబాసీకి నోరు రాలేదు.

మూడోనాడు బడి నుంచి వస్తూ బావామరుదులిద్దరూ కొట్టం దగ్గర జనాన్ని చూసి ఆగారు. దొర గుర్రం మీద ఉన్నాడు. బంట్రోతు కర్ర ఎత్తి మునిని తోస్తున్నాడు. ముని నడుము వంచి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కర్ర కింద నుంచి దూరి గుర్రం ముందుకు ఉరికాడు.

"మై మదర్ కెనాట్ వాక్ సార్, షీ ఈజ్ ఇన్ ద హట్, ద హట్ ఈజ్ బియాండ్ ద రివర్—"

అక్కడితో ఆపాల్సింది. కాని నది అన్న మాట నోట పడ్డాక వాడి నాలుక ఆగలేదు.

"—ద రివర్స్ ఆఫ్ ఇంగ్లండ్ ఆర్ ద థేమ్స్, ద సెవెర్న్, ద మెర్సీ—"

ఊపిరి అయిపోయి దుమ్ములో కూలబడ్డాడు. బంట్రోతు ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది. దొర కాసేపు మునిని చూశాడు, తర్వాత దుబాసీని చూశాడు. గుడిసె ఎక్కడని మునినే అడిగాడు. ముని చేయి చాపిన వైపు గుర్రాన్ని తిప్పాడు. పొద్దుగూకేలోగా తంగమ్మాళ్‌ను మంచంతో సహా కొట్టానికి మోసుకొచ్చారు. లేవలేక గుడిసెల్లో ఉండిపోయిన మరో రెండిళ్ల ముసలివాళ్లనూ తెచ్చారు.

ముని ఉరికినప్పుడు సంజీవి బావ వైపు చూశాడు. చప్పుడు లేకుండా బావ పెదాలు మునితో పాటే కదులుతున్నాయి. గీత అవతల బావ కావాలనే చిక్కుకున్న సాయంత్రాలన్నిటికీ సంజీవికి అప్పుడు అర్థం తెలిసింది.

ఇంటికి నడుస్తూ, "నాకు చెప్పుండచ్చు కదా బావా" అన్నాడు.

"చెప్తే నీవు గెలవాలంటావు. బడిలో తెలిస్తే వాళ్లకు దెబ్బలు పడతాయి. ఆటలో అరిస్తే ఎవురు అడుగుతారు?"

"అయితే పుస్తకం ముందు నిద్రపోయేదంతా నటనేనా?"

"లేదురా. నిద్ర నిజముగానే వస్తుంది."

కొంత దూరం నడిచినా దొరైసామి మొహం తేటపడలేదు. తంగమ్మాళ్ బతుకుతుందో లేదోనని బెంగ పడుతున్నాడనుకుని సంజీవి అతని భుజం మీద చేయి వేశాడు.

"నీవు సరిగా విన్నావా?" అన్నాడు దొరైసామి. "వాడు ట్రెంటు నదిని విడిచిపెట్టినాడు."

సంజీవికి ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వు వచ్చింది. నిలబడలేక దారి పక్కన రాయి మీద కూర్చుని నవ్వాడు. అందులో అంత నవ్వాల్సింది ఏముందో తెలియక దొరైసామి ఎదురుగా నిలబడి, ట్రెంటు ఎక్కడ జారిపోయిందా అని నదుల్ని మొదటి నుంచి గొణుక్కుంటున్నాడు.