తల్లి కడుపునాటి అద్దం

హన్మకొండ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కుడికంటి ఆపరేషన్ కోసం దవాఖానకు వెళుతోంది. నేను కాలేజీలో జీవశాస్త్రం చెబుతానని తెలిసి, "కంట్లకెల్లి ఏం తీస్తరు బిడ్డా?" అని అడిగింది.

ఒంట్లో ప్రోటీన్లు పాతబడితే కణాలే వాటిని ముక్కలు చేసి, ఆ ముక్కలతో కొత్తవి కట్టుకుంటాయని చెప్పాను. కంటిలోని అద్దం, అంటే లెన్స్, నడిమధ్యన మాత్రం అలా జరగదు. తల్లి కడుపులో తయారైన ప్రోటీన్లే వెలుతురును లోపలికి పంపుతూ బతుకంతా ఉండిపోతాయి. అవి ముసలివై ముద్దకడితే చూపు మసకబారుతుంది. అప్పుడు ఆ అద్దాన్నే తీసేస్తారు.

"అంటే మా అవ్వ కడుపులదే ఇంకా ఉన్నదా?"

"ఉన్నది పెద్దమ్మా."

"దాన్ని పారేస్తరా?"

దాని చోట కొత్త అద్దం పెడతారని మాత్రం చెప్పాను.

సుబేదారి స్టాపు రాగానే ఆమె లేచింది. కండక్టర్ తొందరపెడుతున్నా ఎడమకన్నును అరచేత్తో మూసుకుని, రెండో చేత్తో నా గడ్డం పట్టుకుంది.

"మసకగ కనవడ్తానవ్ గని, జర ఆగు. అవ్వ ఇచ్చిన కంటితోని ఒక్కసారి సూడనియ్యి."

చూసి, దిగిపోయింది.

ఇప్పటికీ క్లాసులో పాఠం కంటి దగ్గరకు రాగానే నా చెయ్యి గడ్డం మీదకు పోతుంది.