సీసాలో బల్లి

చోడవరంలో నేను జువాలజీ చెప్పే కాలేజీ ల్యాబ్‌ని తలచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకోబుద్ధవుతుంది. చెరకు క్రషింగ్ మొదలైతే బయట చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ కంపు, లోపల ఫార్మలిన్ ఘాటు. అవైనా భరించవచ్చు. భరించలేనిది అరలోని ఒక సీసా.

దాని చీటీ నా రాతే: ఊపిరితిత్తులు లేని సలమాండర్. ఉభయచరం, ప్లెతడాంటిడే కుటుంబం, ఈ జాతి ఉనికి దక్షిణ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా వేడి దేశాల అడవులు. తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, పొలుసులుండవు, గోళ్లుండవు. ఆ పాఠం ఎంతో ఇష్టంగా చెప్పేదాన్ని.

ఒక వేసవిలో ఫార్మలిన్ ఆరిపోయి ఆ జీవి బూజు పట్టి ముద్దయింది. అప్పుడే తనిఖీ. అటెండరు ముద్దను పారబోసి, గోడ మీది బల్లిని కొట్టి అందులో వేశాడు.

"ఏటి మేడమ్, రెంటికీ నాలుగు కాళ్లు, ఓ తోకే కదా. మూత తీసి సూస్తారేటి?" అన్నాడు.

నేను నవ్వాను. ఛీ, ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే రోత. తనిఖీ అయ్యాక తీసేద్దామనుకుని, రేపు మాపు అంటూ రెండేళ్లు ఆ బల్లినే ప్రాక్టికల్ పరీక్షకు పెట్టాను. పరీక్షలో చీటీలు మూసేస్తాం, సీసాలో ఉన్నదేదో పిల్లలు గుర్తుపట్టి రాయాలి. ఎవరూ లోపలికి చూడరు. అంచు విరిగిన సీసా అంటే సలమాండర్ అని సీనియర్లు జూనియర్లకు చెప్పిపోతారు.

చీడికాడ నుంచి ఆటోలో వచ్చే ఒక అమ్మాయి మాత్రం చూసింది. ఎమ్మెస్సీ సీటు కోసం ఒక్కో మార్కూ ఏరుకుంటున్న పిల్ల. బల్లి అని రాసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఇదేమిటమ్మా అన్నాడు.

"గోళ్లున్నాయి సార్. పొలుసులూ ఉన్నాయి. సలమాండర్‌కి ఉండవని మా మేడమే సెప్పేరు."

ఆయన మసకబారిన సీసాకేసి ఓసారి చూసి నా వైపు తిరిగాడు. "మీ ల్యాబ్‌దే కదా మేడమ్, ఏమిటిది?"

ఒక్క మాట చాలు, ఆమె మార్కులు ఆమెకు దక్కుతాయి. ఆ మాటతో నా రెండేళ్ల బండారం కూడా బయటపడుతుంది.

"సలమాండరే సార్" అన్నాను.

ఆయన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. ఆమె బయటికి వెళ్లింది.

పరీక్ష అయ్యాక వరండాలో ఎదురుపడింది. తిట్టినా పడదామనుకుని ఆగాను.

"పర్లేదు మేడమ్," అంది మెల్లగా. "సీసా అద్దం మసగ్గా ఉంది కదా, మీకు సరిగ్గా కనపడ్నేదేమో. పొరపాటు ఎవులికైనా అవుద్ది."

నాది పిరికితనమని ఆ పిల్లకు తోచనే లేదు. చెప్పడానికి అప్పటికైనా సమయం ఉంది, ఎగ్జామినరు ఇంకా లోపలే ఉన్నాడు.

"అవునమ్మా, కనపడలేదు" అన్నాను.