లేని మానిటరులో కరుణమ్మ ముఖం

నరసరావుపేటలో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దీంట్లో ఏదో ఉందన్నా, దానంతటదే ఆగిపోద్ది, దానంతటదే వచ్చిద్ది" అంటూ సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దుమ్ము పేరుకుని ఉంటుంది, లేదా ర్యామ్ వదులై ఉంటుంది. అంతకు మించి లోపల ఎవరూ ఉండరు. అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టొద్దని మా ఆవిడ అంటే, పంతానికి ఆ రోజే మొదలుపెట్టే మనిషిని.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే చిరాకుగా ఉంది. రాయకపోతే ఇంకా చిరాకుగా ఉంది. కిందటి అక్టోబరు నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, ఎందుకు తీసుకున్నానో మర్చిపోతున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవరినీ అడగను.

వినుకొండ రోడ్డులో కోటయ్య బాబాయ్‌కి రాళ్ళ షాపు ఉంది. బాబాయ్ అని పిలుస్తాను గానీ చుట్టం కాదు. నల్ల గ్రానైటు పలకల మీద చనిపోయినవాళ్ళ పేర్లు, ముఖాలు చెక్కించి ఇస్తాడు. ఫోటోని ముందు కంప్యూటర్లో దిద్ది మిషనుకి పంపితే, అది రాయి మీద చుక్కలు చుక్కలుగా ముఖాన్ని దించుతుంది. ఆ కంప్యూటరు పని పదిహేనేళ్ళు యేసుపాదం అనే ఆయన చేశాడు. రెండు మానిటర్లు పెట్టుకునేవాడు. కుడివైపు దాంట్లో అసలు ఫోటో, ఎడమవైపున్న పాత చదరపు మానిటర్లో తను దిద్దుతున్న ముఖం.

కిందటి మే నెల ఎండల్లో యేసుపాదం గుండెపోటుతో పోయాడు. తర్వాత ఎడమవైపు మానిటర్ని బాబాయ్ ఇంటికి తీసుకెళ్ళి సీసీ కెమెరాకి పెట్టుకున్నాడు. షాపులో ఒక్క మానిటరే మిగిలింది. పేర్లు చెక్కడం వరకు బాబాయే తంటాలు పడుతున్నాడు. ముఖాల పని బయట చేయిస్తున్నాడు.

అక్టోబరులో నన్ను పిలిచాడు. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇక అప్‌డేట్లు రావని రోజూ మెసేజ్ వస్తోందట, కొత్తది వేయమన్నాడు. ఫైళ్ళు, సెట్టింగులు అలాగే ఉంచి పై వర్షన్‌కి మార్చాను. గంటన్నర పట్టింది. టీ తాగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"ఒరేయ్ శీనా, ఏం చేసిపోయావురా? ఫైలు తెరిస్తే తెరుచుకుంటది, కనపడదు. మౌసు బాణం ఎడమపక్కకి పోయిందంటే మళ్ళీ రాదు. పండగ ముందర నా పని ఆపి కూర్చోబెట్టావు."

ఆయన చెప్పేది సమాధుల పండుగ గురించి. నవంబరు మొదట్లో వస్తుంది. ఆ రోజు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. రాయి నిలబెట్టాల్సినవాళ్ళంతా ఆ లోపే కావాలంటారు. బాబాయ్ కంగారులో తప్పు లేదు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. రోగం వెంటనే దొరికింది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తున్నాయి. లేని రెండో మానిటరు ఉందని కంప్యూటరు అనుకుంటోంది. తెరిచిన ఫైళ్ళన్నీ అక్కడికి పోతున్నాయి. అప్‌గ్రేడ్ల తర్వాత ఇలాంటివి చూస్తూనే ఉంటాం. రెండో పెట్టె కొలత చూస్తే అది యేసుపాదం వాడిన చదరపు మానిటరు కొలతే. పాత సెట్టింగుని మోసుకొచ్చిందిలే అనుకున్నాను.

ఒక్క మానిటరే వాడమని సెట్టింగు మార్చాను. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ రెండు. కేబులు మార్చాను. తెరను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం పాతది వేశాను, కొత్తది వేశాను. ఆఖరికి గ్రాఫిక్స్ కార్డు పీకి పక్కన పెట్టి, మదర్‌బోర్డు మీదున్న దానితోనే నడిపాను. అప్పటికీ రెండు ఉన్నాయనే అంటోంది. నాకు పంతం వచ్చింది.

అసలు ఆ లేని దాని మీదకు ఏమేం పోయాయో చూద్దామనుకున్నాను. దానికి సులువైన దారి ఒకటుంది. కీబోర్డులో ప్రింట్ స్క్రీన్ నొక్కితే అన్ని మానిటర్లూ కలిపి ఒకే ఫోటోగా వస్తాయి. మనకు కనిపించనిది కూడా అందులో పడుతుంది. నొక్కి, బొమ్మలు చూసే ప్రోగ్రాంలో పేస్ట్ చేశాను. అప్పుడు టైము రెండున్నర.

కుడి సగంలో నా ఎదురుగా ఉన్నదే ఉంది. ఎడమ సగంలో ఒక ముసలామె ముఖం, తెర నిండా ఉంది. ఒకవైపు కన్ను, చెంప, చెవి అన్నీ చక్కగా ఉన్నాయి. రెండోవైపు నుదురు దగ్గర నుంచి గడ్డం దాకా తెల్లగా ఖాళీ.

బాబాయ్ వంగి చూశాడు. "కరుణమ్మ గదరా. నూజెండ్ల ఊరామె. యేసుపాదం పోయేముందు పట్టుకున్న పని అదే. సగంలో ఉండిపోయింది."

సగంలో ఆగిన ఫైలు ఏదో తనంతట తెరుచుకుందనుకున్నాను. కార్డు మళ్ళీ బిగించాను, ఇంకో డ్రైవరు వేశాను, రెండుసార్లు ఆపి వేశాను. మూడున్నరకు మళ్ళీ ప్రింట్ స్క్రీన్ నొక్కాను. ఖాళీగా ఉన్నవైపు కనుబొమ్మ వచ్చి ఉంది.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి దాంట్లో లేదు. రెండో దాంట్లో ఉంది. నడుస్తున్న ప్రోగ్రాముల లిస్టు తీశాను. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అసలు తెరిచే లేదు. డిస్కులో ఆ ఫైలు వెతికితే మే నెల తారీఖుతో, సగం ముఖంతోనే ఉంది. ఎవరైనా బయటి నుంచి కనెక్ట్ అయ్యారేమోనని నెట్ వైరు పీకాను. మౌసు కూడా పీకి జేబులో పెట్టుకున్నాను. నాలుగున్నరకు నొక్కితే కనుబొమ్మ కింద రెప్ప గీత పడి ఉంది.

నాకు భయమేసింది. బాబాయ్‌తో ఏమీ అనలేదు. ఆ లేని మానిటర్ని పూర్తిగా వదిలించే దారి ఒకటి నాకు తెలుసు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డ్రైవర్లన్నీ కడిగేసి, కంప్యూటరు గుర్తుపెట్టుకున్న మానిటర్ల జాబితానే చెరిపేయడం. పొద్దున్నే వచ్చి అదే చేద్దామని ఇంటికి పోయాను. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ కనుబొమ్మే.

మర్నాడు తొమ్మిదికల్లా షాపులో ఉన్నాను. చెరిపే పని మొదలుపెట్టబోతుంటే కరుణమ్మ కూతురు మార్తమ్మ వచ్చింది. పొలం పనులు చేసుకునే మనిషి. వాళ్ళమ్మ అంతకు ముందు చలికాలంలో చనిపోయింది. రాయి మీద ముఖం పడుతుందా లేదా అని అడగడానికి బస్సెక్కి వచ్చింది.

"వేరే ఫోటో ఏదన్నా తేమ్మా, దాంతో చేయిద్దాం," అన్నాడు బాబాయ్.

"వేరేది లేదన్నా. అమ్మ తీయించుకున్నదే అదొక్కటి. ఫ్రేముతోనే తెద్దామనుకున్నా. అద్దం మెరుపు పడిద్ది, ఫోటో బయటికి తీసుకురామ్మా అని యేసుపాదం గారే ఫోన్లో చెప్పాడు. తీశా. వానకి తడిసి అద్దానికి అతుక్కుపోయి ఉందని నాకేం తెలుసు? సగం మొహం అద్దానికే ఉండిపోయింది. మా అమ్మ మొహాన్ని నా చేత్తోనే చింపుకున్నా."

ఆమె ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, చేతులకు ఏమీ లేకపోయినా.

"ఆ ఫోటో తెచ్చి ఆయనకే ఇచ్చా. తప్పు నాదమ్మా, చూడకుండా తీయమన్నా, పండగలోపు నేనే గీసిస్తా అన్నాడు. ఆయన కూడా పాయె."

ఆ మాట విన్నాక నేను చెరపలేకపోయాను. ఏం జరుగుతోందో నాకు తెలియదు. నేను గనక ఆపితే ఆమెకు అమ్మ ముఖం ఉండదన్నది మాత్రం తెలుసు. సాయంత్రం ఫోను చేస్తామని చెప్పి ఆమెను పంపించాం. అప్పుడు బాబాయ్‌కి నిన్నటి ఫోటోలు చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చుని, "ఈ పూటకి దాని జోలికి పోబాకరా," అన్నాడు.

ఆ రోజంతా అరగంటకొకసారి ప్రింట్ స్క్రీన్ నొక్కి, ఫోటోకి టైము పేరుగా పెట్టి సేవ్ చేశాను. మధ్యలో షాపు ముందు అటూ ఇటూ తిరిగాను. ఎన్ని టీలు తాగానో తెలియదు. ఒక్కో ఫోటోకి మహా అయితే గోరంత పని జరుగుతోంది. ఉన్న సగాన్ని తిప్పి రెండోవైపు అతికిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది అదే చేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. ముడత తర్వాత ముడత వస్తోంది.

సాయంత్రం ఆరుకి తీసిన ఫోటోలో ముఖం పూర్తయింది. రెండో కన్ను మొదటి దానికంటే కొంచెం చిన్నదిగా, రెప్ప వాలినట్టుగా ఉంది. ముఖం వరకు కత్తిరించి మూడు చోట్ల సేవ్ చేసుకున్నాను. వెంటనే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, నాకు తెలిసిన పద్ధతిలో మొత్తం కడిగేశాను. మళ్ళీ ఆన్ చేస్తే ఒకటే పెట్టె. చెరిపే ముందు ఇంకొక్కసారి నొక్కి చూడాలని వేలు మీట దాకా వెళ్ళింది. ధైర్యం చాల్లేదు.

మర్నాడు మార్తమ్మ ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అమ్మకి ఈ కన్ను చిన్నదే. ఆయనకి నేను చెప్పానేమో మరి, గుర్తులేదు," అంది. ఎలా వచ్చిందో మేం చెప్పలేదు, ఆమె అడగలేదు. పండుగకి రెండు రోజుల ముందు రాయి నూజెండ్ల వెళ్ళింది.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదేమో.

పండుగ అయిన తర్వాతి ఆదివారం యేసుపాదం భార్య సుగుణమ్మ నా షాపుకి వచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బైబిలు సంచి ఉంది. నేనెప్పుడూ ఆమెతో పెద్దగా మాట్లాడింది లేదు. స్టూలు వేశాను.

"కోటయ్యన్న చెప్పాడు. నిజమేనా అబ్బాయ్?"

"ముఖం వచ్చింది నిజమే పిన్నీ. ఎవరు చేశారో నాకు తెలీదు."

"అందులో మాకేమన్నా పెట్టాడా? పోయేటప్పుడు ఒక్క మాటన్నా చెప్పలా. షాపులో పడిపోయాడని కబురొచ్చిందంతే."

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. రెండు రోజులు ఆ ముఖం చుట్టూ తిరిగాను తప్ప, ఆ మనిషికి ఇల్లూ వాకిలీ ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను. "ఆఖర్న చూడకుండా తీసేశా పిన్నీ. భయమేసింది," అన్నాను. ఆమె తిట్టినా బాగుండేది. తల ఊపింది, అంతే.

ఇంకేం చేయాలో తెలియక, నేను సేవ్ చేసిన ఫోటోలన్నీ వరసగా చూపించాను. ఒక్కోదానికి టైము చదివి చెబుతుంటే, ఆయన వేలికింద పని చూస్తున్నట్టే చూసింది. ఒకచోట ఆపమంది.

"ఈ మూడూ ఒకటేగా? తేడా లేదేంది?"

ఒంటిగంట, ఒంటిగంటన్నర, రెండు. దగ్గరగా పెట్టి చూశాను. నిజమే, మూడింట్లో ఒక్క గీత కూడా తేడా లేదు. రెండున్నర ఫోటోలో మళ్ళీ పని కనిపిస్తోంది. రోజంతా అక్కడే ఉండి కూడా నేను గమనించలేదు.

"అన్నానికి లేచుంటాడు," అంది సుగుణమ్మ. "రోజూ ఒంటిగంటకి ఇంటికొచ్చి తిని పోయేవాడు."

బైబిలు సంచి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "నువ్వీ ఫోటోలు తీసిన రోజు నేను ఇంట్లో లేనబ్బాయ్. పత్తి తీతకి పోయా. తాళం ఏసుంది."

ఏదో సాఫ్ట్‌వేర్ తప్పు పిన్నీ అని అనబోయి, ఫోటోలు మూసేశాను.

ఆ తర్వాత చాలా చేశాను. బాబాయ్ కంప్యూటర్లో అదే పాత సిస్టమ్ వేసి, మళ్ళీ అలాగే అప్‌గ్రేడ్ చేశాను. అవే డ్రైవర్లు, అదే వరసలో వేశాను. చదరపు మానిటర్ని ఇంటి నుంచి తెప్పించి, తగిలించి, తీసి చూశాను. ఇన్నేళ్ళలో పోయిన ఫాల్టుని తిరిగి తెప్పించడానికి ఇంతలా తిప్పలు పడింది ఎప్పుడూ లేదు. ప్రింట్ స్క్రీన్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తెరే వస్తోంది. దెయ్యాలున్నాయని ఇప్పుడు కూడా అనను. లేవని గట్టిగా అనడం మాత్రం మానేశాను.

సుగుణమ్మ ఇప్పటికీ కూలికి పోతోంది. పొద్దున్నే అన్నం వండి, గిన్నె మీద మూత పెట్టి, తలుపు దగ్గరగా వేసి పోతుందట, తాళం వేయడం లేదట. ఈ రోజుల్లో అలా పెట్టకూడదు, నువ్వన్నా చెప్పరా అన్నాడు బాబాయ్. మొన్న చెప్పడానికే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె లేదు. గొళ్ళెం కూడా పెట్టలేదు. తలుపు కొంచెం తెరిచి ఉంటే, దగ్గరికి వేసి వచ్చేశాను.